సమ్మర్ క్యాంపు సగానికి వచ్చింది, బ్రోచర్లో రాసినవి సగం కూడా జరగలేదు. తిరుపతిలో ఉన్నవాళ్ళు సలహా చెప్పండి

ఎంఆర్‌పల్లి అమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. తిరుపతిలోనే ఒక ప్రైవేటు సమ్మర్ క్యాంపులో ఇద్దరు పిల్లల్ని వేశాం. పాపకి 8, బాబుకి 11. ఆదివారాలు పోను 24 రోజులు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. ఒక్కొక్కరికి 6,500 రూపాయలు. తలకోన ట్రిప్పుకని విడిగా తలా 500 తీసుకున్నారు. క్యాంపు పేరు రాయను, పేరుతో ఇక్కడ పని లేదు కూడా.

బ్రోచర్లో ఉన్నవి: ఈత, రోబోటిక్స్, పెన్ కలంకారీ, వేదిక్ మ్యాథ్స్, తలకోన ట్రిప్పు. జరుగుతున్నవి: ఈతకి 40 మంది ఒకే బ్యాచ్, ఒక కోచ్, ఒక హెల్పరు. పాప ఇప్పటికీ గోడ దగ్గరి కడ్డీ వదల్లేదు. రోబోటిక్స్‌లో ఏడుగురికి ఒక కిట్టు, అదీ రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతుందట. కలంకారీ అని చెప్పి ఫ్యాబ్రిక్ పెయింటు సీసాలు ఇచ్చారు. టీచరు రాని రోజు టీవీలో కార్టూన్లు. తలకోన ట్రిప్పు రద్దయింది, డబ్బు గురించి అడిగితే "చూద్దాం మేడం" అంటున్నారు. రసీదు వెనక "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని అచ్చువేసి ఉంది.

ఇంకా 12 రోజులు మిగిలాయి. మాన్పించాలా, పంపుతూనే అడగాల్సింది అడగాలా? ఈ ఫీజుకి ఇంతేనా? ట్రిప్పు డబ్బైనా వస్తుందా?

లేన్ నంబర్ 4 రాశారు:

అమ్మా, నాకు తెలిసింది ఈత. దాని వరకే చెప్తాను.

40 మంది ఒక బ్యాచ్ అంటే అది ఈత క్లాసు కాదు, జలకాలాట. 45 నిమిషాల స్లాటు అనుకుందాం. బట్టలు మార్చుకోవడం, షవర్, వరసలో నిలబెట్టడం కలిపి 10 నిమిషాలు పోతాయి. మిగిలిన 35 నిమిషాలు 40 మందికి పంచితే ఒక్కొక్కరి వంతుకి నిమిషం కూడా రాదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి పొట్ట కింద చెయ్యి ఆనించి తేల్చాలి, తల ఎటు తిప్పుతున్నారో చూడాలి, తుంటి కిందికి దిగిపోతే సరిచేయాలి. ఇవన్నీ ఒకరి తర్వాత ఒకరికే కుదిరే పనులు. కొత్తవాళ్ళయితే కోచ్‌కి ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. హెల్పరుకి ఈత వచ్చినా నేర్పడం రాకపోతే అతన్ని కాపలా లెక్కలోనే వేయండి, కోచ్ లెక్కలో వేయొద్దు.

మీ పాప కడ్డీ వదలకపోవడానికి భయం ఒక్కటే కారణం కాకపోవచ్చు. ముందు లోతు చూడండి. 8 ఏళ్ళ పిల్ల ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లు. చాలా కొలనుల్లో తక్కువ లోతున్న వైపే 4 అడుగులు, అంటే 122 సెంటీమీటర్లు. కాళ్ళు ఆనని చోట ఏ పిల్లా చెయ్యి వదలదు. నీళ్ళు ఛాతీ వరకు ఉండాలి, అంటే ఈ వయసుకి రెండున్నర నుంచి మూడడుగులు. ఆ కొలనులో చిన్నపిల్లల తొట్టి విడిగా ఉంటే పాపని అక్కడికి మార్చమని రేపే అడగండి. వాళ్ళకి పైసా ఖర్చు లేని పని ఇది.

చేతులకి గాలి రెక్కలు తొడుగుతున్నారా? అవి వేసుకుంటే ఒళ్ళు నిలువుగా వేలాడుతుంది, పిల్లలు నీళ్ళలో సైకిల్ తొక్కడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు మాన్పించడానికే తర్వాత వారం పడుతుంది.

నేర్పే వరస ఇది: ముఖం నీళ్ళలో పెట్టి నోటితో, ముక్కుతో బుడగలు వదలడం, కాళ్ళూ చేతులూ చాచి బోర్లా తేలడం, వెల్లకిలా తేలడం, గోడని కాళ్ళతో తన్ని బాణంలా జారడం, ఆ జారుడులోనే తుంటి నుంచి కాళ్ళు ఆడించడం. ఊపిరి పక్కకి తీసుకోవడం, చేతులు వేయడం దీని తర్వాతే. క్యాంపుల్లో ఈ వరస తలకిందులవుతుంది. తల్లిదండ్రులు గ్యాలరీలోంచి చూస్తుంటారు కాబట్టి మొదటి రోజే చేతులు వేయిస్తారు. మెడ నిక్కించి చేతులు కొడుతుంటే తుంటి మునుగుతుంది, నాలుగు బారలకి ఆయాసం వస్తుంది, పిల్ల "నాకు రాదు" అని తేల్చేసుకుంటుంది.

మిగిలిన 12 రోజుల్లో అడగాల్సింది ఒకటే: 40 మందిని రోజు విడిచి రోజు చొప్పున రెండు బ్యాచ్‌లు చేయండి, రెండో కోచ్‌ని పెట్టండి. కోచ్‌కి పది మంది పడతారు. పది కూడా ఎక్కువే, కానీ ఇప్పుడున్న దానికంటే నయం. ఆరు సరైన క్లాసుల్లో పాప బోర్లా తేలి నాలుగైదు మీటర్లు జారగలిగితే ఫలితం వచ్చినట్టే. "పది రోజుల్లో ఫ్రీస్టైల్" అని ఎవరు చెప్పినా పెద్దగా పట్టించుకోకండి.

ఎంఆర్‌పల్లి అమ్మ:

సార్, తొట్టి ఉంది. మరి దాన్ని ఎందుకు వాడటం లేదో. ఇంకో సందేహం, ఇద్దరికీ ఇంటికొచ్చాక కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. క్లోరిన్ ఎక్కువ వేస్తున్నారని బాబు అంటున్నాడు, వాసన గట్టిగా ఉంటుందట.

లేన్ నంబర్ 4:

తొట్టి వాడితే అక్కడ ఇంకో మనిషిని నిలబెట్టాలి. అందుకే వాడరు.

వాసన గట్టిగా ఉంటే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది వేరే. చెమట, మూత్రం, ఒంటికి రాసుకున్న నూనె నీళ్ళలో చేరి క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లు తయారవుతాయి. కళ్ళు మండించేదీ, ఆ ఘాటు వాసన తెచ్చేదీ అవే. సూక్ష్మజీవుల్ని చంపే పనిలో మాత్రం అవి చాలా బలహీనం. అంటే వాసన గుప్పుమంటోంది అంటే మంచి క్లోరిన్ అయిపోయిందని అర్థం చేసుకోవచ్చు. మే నెలలో బ్యాచ్ మీద బ్యాచ్ దిగుతుంటే, దిగే ముందు షవర్ లేకపోతే ఇదే జరుగుతుంది.

కొలను దగ్గర పరీక్ష డబ్బా ఉండాలి. రెండు చిన్న గొట్టాలు, రెండు చుక్కల మందులు. ఒకటి పసుపు రంగు చూపిస్తుంది, అది క్లోరిన్. ఇంకోటి ఎరుపు చూపిస్తుంది, అది పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార స్థాయి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఒక చిన్న మెలిక ఉంది: మామూలు పసుపు చుక్కల కిట్టు మొత్తం క్లోరిన్ చూపిస్తుంది, పనికొచ్చే క్లోరిన్ ఎంతో విడిగా చెప్పదు. కాబట్టి రంగు బాగా వచ్చినా వాసన గట్టిగా ఉంటే నమ్మకండి. రీడింగు రాసే పుస్తకం చూపించమనండి. రోజుకి కనీసం రెండుసార్లు రాసి ఉండాలి. అన్ని రోజులూ ఒకే అంకె, ఒకే పెన్నుతో ఉంటే అది సాయంత్రం కూర్చుని నింపిన పుస్తకమే.

పరికరం లేకుండా చూడగలిగిన పరీక్ష ఇంకొకటి. లోతు వైపు గట్టు మీద నిలబడి అడుగున ఉన్న జాలీ చూడండి. దాని గీతలు స్పష్టంగా కనబడాలి. మసగ్గా ఉంటే ఆ రోజు పిల్లల్ని దించకండి. మునిగిన పిల్లాడు పైనున్నవాళ్ళకి కనబడడు. ఇది కళ్ళ మంట కన్నా పెద్ద సంగతి.

బ్రెడ్‌బోర్డ్ బాబాయి రాశారు:

రోబో రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతుందంటే కిట్టు చూడకుండానే చెప్పొచ్చు: చదరపు 9 వోల్టుల బ్యాటరీ పెట్టి ఉంటారు. పసుపు రంగు గేరు మోటార్లు రెండు, వాటిని నడిపే ఎల్298ఎన్ అనే ఎర్ర డ్రైవరు బోర్డు, ప్రోగ్రాం ఎక్కించే నీలం బోర్డు ఆర్డువినో ఉనో, అడ్డం ఎంత దూరంలో ఉందో చూసే కళ్ళలాంటి అల్ట్రాసోనిక్ సెన్సరు. ప్రతి క్యాంపులోనూ ఇదే సరంజామా.

ఆ 9 వోల్టుల బ్యాటరీ పొగ అలారానికో, మల్టీమీటరుకో చేసింది. దాని లోపలి నిరోధం ఎక్కువ, మోటార్లు కదలబోయే క్షణంలో లాగే కరెంటు అది ఇవ్వలేదు. వోల్టేజి కూలిపోతుంది, ఉనో రీసెట్ అవుతుంది, బండి ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. దీనికి తోడు ఎల్298ఎన్ పాతకాలపు చిప్పు, దాని లోపలే సుమారు 2 వోల్టులు వేడిగా పోతాయి. పిల్లలేమో ప్రోగ్రాం తప్పని వెతుకుతుంటారు.

మందు సులువు. రీఛార్జబుల్ ఏఏ సెల్సు, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, ఆరు వరసగా పెడితే 7.2 వోల్టులు. కరెంటు దండిగా వస్తుంది. 18650 లిథియం సెల్సు ఇంకా బాగా లాగుతాయి కానీ, 8 ఏళ్ళ పిల్లల చేతిలో వైర్లు తగిలి షార్టయితే ప్రమాదం. నేనైతే క్లాసులోకి రానివ్వను. ఇది మార్చినా బండి పిచ్చిపిచ్చిగా తిరిగితే బ్యాటరీ నెగెటివూ, ఉనో జీఎన్‌డీ (గ్రౌండ్) పిన్నూ కలిపారో లేదో చూడమనండి. ఆ ఒక్క వైరు మర్చిపోవడం అతి మామూలు.

ఏడుగురికి ఒక కిట్టు అంటే ఒకడు బిగిస్తాడు, ఒకడు స్క్రూలు పట్టుకుంటాడు, ఐదుగురు చూస్తారు. ఇద్దరికి ఒకటి ఉండాలి, ముగ్గురు దాటితే పని జరగదు. అయితే కిట్లున్నంత మాత్రాన నేర్పినట్టు కాదు. ముందే టంకం వేసి, ప్రోగ్రాం ఎక్కించి, నాలుగు స్క్రూలు బిగించమని ఇస్తే అది బొమ్మ కారు. బాబుని మూడు అడగండి. ఎల్‌ఈడీకి రెసిస్టరు ఎందుకు పెట్టారు? అడ్డం ఎంత దూరంలో కనబడితే బండి ఆగుతుంది? ఆ అంకె ప్రోగ్రాంలో ఎక్కడుంది, మార్చి చూశావా? మూడోదానికి "మార్చాను" అంటే క్యాంపులో ఎంతో కొంత జరుగుతోంది. "సార్ ల్యాప్‌టాప్ ముట్టుకోనివ్వరు" అంటే మీకు తెలిసిపోతుంది.

పాపకి రోబోటిక్స్ గంట అసలు అక్కర్లేదు. ఆ వయసుకి స్క్రాచ్ (బొమ్మల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాసే వెబ్‌సైట్) చాలు, అది ఉచితం. బాబుకి టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్లో సర్క్యూట్లు కూడా ఉచితమే, ఇంట్లో కంప్యూటరు ఉంటే ఉనో కొనకుండానే ప్రోగ్రాం రాసి నడిపి చూడొచ్చు. క్యాంపుని అడిగేదుంటే పాప రోబోటిక్స్ గంటని చిన్నపిల్లల తొట్టి గంటగా మార్చమనండి. పై కోచ్ గారు చెప్పినదానికి అది అతుకుతుంది.

స్వర్ణముఖి ఒడ్డు రాశారు:

కాళహస్తి నుంచి రాస్తున్నా. ఫ్యాబ్రిక్ పెయింటు సీసా ఇచ్చి పెన్ కలంకారీ అని రాయడం చూస్తే ఒళ్ళు మండుతుంది. అది శ్రీకాళహస్తి పేరు మీద జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉన్న పని.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. గుడ్డని వెనక్కి తిప్పండి. పెయింటు పైపైన పొరలా నిలుస్తుంది, చేత్తో తడిమితే బిరుసుగా ఉంటుంది, వెనక పెద్దగా కనబడదు. కసిమి, అంటే కలంకారీ నల్ల సిరా, దాని గీత వెనక్కి కూడా దిగుతుంది, గుడ్డ మెత్తగానే ఉంటుంది, కొత్తల్లో పాల వాసన వస్తుంది.

అసలు పని ఇట్లా ఉంటుంది. గాడా అనే ముతక నూలు గుడ్డని ఉడికించి ఉతికి గంజి పోగొట్టాలి. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి పిండి ఎండబెట్టాలి. పాలల్లో కొవ్వు ఉంటుంది కాబట్టి సిరా పాకదు, గీత నిలుస్తుంది. ఈ పాలు తక్కువైనా, నీళ్ళ పాలు పోసినా గీత చుట్టూ మీసాలు మొలిచినట్టు చెదురుతుంది. నల్ల రంగుకి తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు, అదే కసిమి. మూత గట్టిగా బిగించకూడదు, గ్యాసు పుడుతుంది. కలం అంటే సన్నగా చెక్కిన వెదురుపుల్ల, మొన పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో కడతారు. ఆ చుట్టని వేళ్ళతో నొక్కితే సిరా మొనకి దిగుతుంది. పిల్లలకి చేయి కుదరాల్సింది సరిగ్గా ఇక్కడే. మొదటి రోజు అందరూ గట్టిగా నొక్కేసి మరకలు వేస్తారు. కసిమి గీసేటప్పుడు పలచగా, ఏదో మురికి నీళ్ళలా కనబడుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలి క్షణాల్లో నల్లబడుతుంది. పిలకాయలు ఆ ఒక్క క్షణానికి నోరు తెరిచి చూస్తారు. ఎరుపుకి పటిక రాయడం, పారే నీళ్ళలో ఉతకడం, రంగు చెక్కలతో ఉడికించడం, మళ్ళీ పాలు పట్టడం, ఇదంతా క్యాంపులో జరిగే పని కాదు. జరగాలని అడగనూ కూడదు.

క్యాంపులో చేయించదగ్గది నలుపు గీతల వరకు. కరక్కాయ పట్టిన గుడ్డ ముందే సిద్ధం చేసి తేవాలి, పిల్లకి పావు మీటరు చాలు. కసిమి నెల ముందే వేసి ఉండాలి లేదా పని చేసేవాళ్ళ దగ్గర కొనాలి. చింతపుల్లల బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటారు. రెండేసి గంటల నాలుగు క్లాసులు: ఒకటి కలం కట్టడం, కాగితం మీద గీతలు, రెండోది గుడ్డ మీద అంచు, మిగిలిన రెండూ మధ్య బొమ్మ. దీనికయ్యే సామాను ఖర్చు పెయింటు సీసాల కంటే ఎక్కువేం కాదు. లేనిదల్లా తెలిసిన మనిషి. కాళహస్తి 40 కిలోమీటర్ల లోపే ఉంది, పిలిస్తే వచ్చేవాళ్ళున్నారు. నాలుగు రోజులకి ఒకర్ని పిలవమని గట్టిగా అడగండి.

భాకరాపేట ఘాటు రాశారు:

అక్కా, తలకోన ట్రిప్పు రద్దయిందని బాధపడబాకండి. మే నెల్లో ఆడ నీళ్ళు సన్నబడిపోయుంటాయి. బ్రోచర్లో ఏసిన ఫోటో వానలు పడినాక తీసిందయ్యుంటాది. 270 అడుగుల నించి దూకే జలపాతమని పిలకాయలకి చెప్పి తీస్కపోతే, తడిసిన బండ చూసి వస్తారు. నీళ్ళు తక్కువున్నా మడుగులు మాత్రం లోతు, బండలు పాకుడు పట్టుంటాయి. 40 మందిని ఇద్దరు ముగ్గురు పెద్దోళ్ళు ఆడ కాయలేరు. ఘాటు మలుపుల్లో సగం మంది వాంతులు చేసుకుంటారు, అది వేరే కత.

డబ్బులు మాత్రం వదలబాకండి. పోని ట్రిప్పుకి తీసుకున్న రొక్కం అది, దాంట్లో వాదన ఏముండాది. బదులు ట్రిప్పు పెడతామంటే ఊర్లోనే రీజనల్ సైన్స్ సెంటరుండాది, జూ ఉండాది, దగ్గర్లో చంద్రగిరి కోట ఉండాది. కోటకయితే శుక్రవారం వద్దనండి, ఆ రోజు మ్యూజియం మూసుంటారు. యాడికైనా సరే పొద్దున ఏడుకి బయల్దేరి పదిన్నర కంతా తిరిగొచ్చేయాల.

షామియానా లెక్కలు రాశారు:

క్యాంపులు నడిపే వైపు నుంచి నాలుగు మాటలు. కొందరికి నచ్చకపోవచ్చు.

ఫీజు లెక్క చూద్దాం. 24 రోజులు, మూడేసి గంటలు, మొత్తం 72 గంటలు. 6,500 అంటే గంటకి 90 రూపాయలు. తిరుపతిలో ఇది మరీ ఎక్కువ కాదు, అలాగని కార్టూన్లు చూపించేంత తక్కువా కాదు. 40 మంది మీద 2,60,000 వస్తుంది. హాలు అద్దె, కొలను స్లాట్లు, వ్యాను, ఫ్లెక్సీలు, పాంప్లెట్లు పోగా టీచర్లకి మిగలాలి. కిట్ల మాటకొస్తే ఒక్కోటి 1,500 వేసుకున్నా ఇంకో ఎనిమిదికి 12,000. మొత్తంలో అది ఐదు శాతం కూడా కాదు, పైగా వచ్చే ఏడాదికీ పనికొస్తాయి. కాబట్టి "ఈ ఫీజులో కిట్లు కుదరవు" అంటే ఒప్పుకోకండి. కోచ్‌ల విషయంలో మాత్రం నిజంగా ఇబ్బంది ఉంది. మే నెలలో అందరికీ ఒకేసారి కావాలి, పొద్దున పూట దొరకరు.

అసలు లోపం బ్రోచర్ రాసే దగ్గరే మొదలవుతుంది. ఎన్ని పేర్లు రాస్తే అన్ని అడ్మిషన్లు. మూడు గంటల్లో నాలుగు యాక్టివిటీలు పెడితే మధ్యలో మూడు మార్పులు. ఒక్కో మార్పుకి పావుగంట, అంటే ముప్పావుగంట. స్నాక్స్‌కి 20 నిమిషాలు. హాజరు, ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఇంకో పది. చేతికి మిగిలేది గంటా ముప్పావు, నాలుగు ముక్కలుగా. ఒక్కో దానికి 26 నిమిషాలే. రోజుకి రెండే పెట్టి, వారంలో మార్చి మార్చి నడిపితే అదే టీచర్లతో, అదే డబ్బుతో రెట్టింపు పని అవుతుంది. మీరు రేపు ఆఫీసులో అడగాల్సిన మొదటి మాట ఇదే: మిగిలిన 12 రోజులకి రోజుకి రెండే యాక్టివిటీల టైం టేబుల్, ఏ గంటకి ఎవరు టీచరో పేరుతో సహా, కాగితం మీద. వచ్చేసారి డబ్బు కట్టే ముందూ ఇదే కాగితం అడగండి. ఇవ్వలేనివాళ్ళ దగ్గర టీచర్లు ఇంకా కుదరలేదని తెలుస్తుంది.

ఎండ గురించి ఎవరూ రాయలేదు. తిరుపతిలో మేలో 42 డిగ్రీలు మామూలు. హాలు రేకుల షెడ్డా, స్లాబా చూడండి. రేకుల కింద పదకొండు తర్వాత ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. పన్నెండున్నరకి వ్యాను ఎక్కించే ముందు తలుపులు తీసి పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి, డ్రైవరు కాకుండా ఇంకో మనిషి ఉండాలి, దిగాక సీట్లన్నీ చూసి తలలు లెక్కపెట్టాలి. పిల్లతో లీటరున్నర నీళ్ళ సీసా పంపండి. నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, పలచటి రాగి అంబలి ఏదైనా సరే. ఓఆర్ఎస్ అయితే లీటరు నీళ్ళకి కలిపే పొడి పొట్లమే తీసుకోండి, పొట్లం మొత్తం ఒకేసారి లీటరులో కలపాలి, గ్లాసుకి కొంచెం కొంచెం కాదు. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆ పేరు వాటి మీద రాయడమే ఆపించింది. పిల్ల తలనొప్పి, వికారం అంటే నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో తుడిచి తాగించాలి. మాటలు తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా ఏమీ తాగించొద్దు, నీళ్ళు పోసి చల్లబరుస్తూ 108 పిలవాలి. క్యాంపులో ఈ సంగతి ఎవరికి తెలుసో అడగండి. ఎవరికీ తెలియకపోతే మాన్పించడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

ఆడపిల్లలు ఈతకి బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉందా, అక్కడ ఆడమనిషి ఉందా అన్నదీ ఈ వరసలోదే. ఏదైనా తేడా అనిపిస్తే ఆఫీసువాళ్ళతో బేరాలు పెట్టకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

రసీదు దాచండి రాశారు:

డబ్బు సంగతి నేను చెప్తాను.

"ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని అచ్చువేసుకున్నంత మాత్రాన ఇస్తామన్న సేవ ఇవ్వకుండా డబ్బు ఉంచుకునే హక్కు రాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం చెప్పింది చేయకపోవడం సేవాలోపం. బ్రోచర్లో లేనిది ఉన్నట్టు రాయడం తప్పుదారి పట్టించే ప్రకటన. అయితే మీరు "పిల్లలు ఏమీ నేర్చుకోలేదు" అని రాస్తే అది నిలవదు. నేర్చుకోవడం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. "బ్రోచర్లో పెన్ కలంకారీ అని ఉంది, ఫ్యాబ్రిక్ పెయింటు ఇచ్చారు" అని రాస్తే నిలుస్తుంది. చూపించగలిగినవే రాయండి.

ఇప్పుడే పోగుచేయాల్సినవి: బ్రోచర్ రెండు వైపులా ఫోటో, రసీదు రెండు వైపులా ఫోటో, యూపీఐ చెల్లింపు వివరంలో ఉండే 12 అంకెల నంబరు, వాట్సాప్ గ్రూపు చాట్ ఎక్స్‌పోర్టు. మెసేజీలు చెరిపేస్తే తర్వాత దొరకవు, ఈ రాత్రికే చేయండి. తేదీల వారీగా ఏ గంట ఏం జరిగిందో ఒక చిన్న పట్టిక. ఫోటోలు తీస్తే వేరే పిల్లల ముఖాలు రాకుండా తీయండి.

అడిగే మొత్తం మూడు ముక్కలుగా విడదీయండి. ట్రిప్పు డబ్బు ఇద్దరిదీ కలిపి 1,000, ఇది పూర్తిగా. జరిగిన రోజుల్లో బ్రోచర్ ప్రకారం జరగని గంటలకి గంటకి 90 చొప్పున. మాన్పిస్తే మిగిలిన 12 రోజులకి తలా 3,250. మొత్తం 13,000 వెనక్కివ్వమని మొదలుపెడితే అవతలివాళ్ళు వినడం మానేస్తారు, వినియోగదారుల కమిషన్ కూడా జరిగిన రోజుల మాటేమిటని అడుగుతుంది.

మాన్పించాలా అన్నదానికి నా మాట: ముందు ఉత్తరం ఇచ్చి, బ్యాచ్ విడగొట్టడానికి, టైం టేబుల్‌కి మూడు రోజులు గడువు పెట్టండి. ఆ మూడు రోజులు పంపండి, ఎండ సంగతీ కొలను సంగతీ సరిగ్గా ఉంటేనే. చెప్పకుండా మాన్పిస్తే "వాళ్ళే రాలేదు" అంటారు. అవకాశం ఇచ్చారని కాగితం ఉంటే ఆ మాట చెల్లదు. మిగతా తల్లిదండ్రుల్లో నలుగురైదుగురు అదే ఉత్తరం మీద సంతకం పెడితే చాలాసార్లు వ్యవహారం అక్కడే తెగుతుంది.

తెగకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు చెప్పరు, అవతలివాళ్ళకి ఫిర్యాదు పంపి జవాబు తెప్పించే ప్రయత్నం చేస్తారు. చిన్న క్యాంపులు ఒక్కోసారి జవాబే ఇవ్వవు. అప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్, తిరుపతిలోనే ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి వెబ్‌సైట్లో ఇంటి నుంచే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. కొన్ని వాయిదాలు పడతాయి. మూడు నాలుగు వేల కోసం తిరగాలా అన్నది మీ ఓపిక. నేనైతే 1915 వరకు తప్పకుండా వెళ్ళమంటాను.

ఎంఆర్‌పల్లి అమ్మ:

అందరికీ చాలా థాంక్స్. ఉత్తరం రాస్తున్నాను. ఇంకో ముగ్గురు అమ్మలు సంతకం పెడతామన్నారు. రెండు సందేహాలు. ఉత్తరం వాట్సాప్‌లో పెడితే సరిపోతుందా? మాన్పిస్తే మిగిలిన సెలవులకి వేరే ఏముంది?

షామియానా లెక్కలు:

రెండోదానికి: క్రీడల సంస్థ మేలో ఉచిత కోచింగు శిబిరాలు పెడుతుంది, శ్రీనివాసా స్పోర్ట్స్ కాంప్లెక్సులో వెళ్ళి ఈ ఏడాది ఏ ఆటలున్నాయో అడగండి. పొద్దున ఆరుకే మొదలవుతాయి కాబట్టి ఎండ బాధ ఉండదు. గ్రంథాలయంలో వేసవి విజ్ఞాన శిబిరం నడుస్తుంటుంది, అక్కడ కథలు చదివించడం, బొమ్మలు గీయించడం లాంటివి ఉంటాయి, డబ్బు అడగరు. అక్కడా పిల్లలు ఎక్కువే, కానీ ఎవరూ రోబోలు ఇస్తామని చెప్పరు. ఈత మాత్రం మానకండి, జూన్ రెండో వారంలో బడులు తెరిచాక కొలనులు ఖాళీ అవుతాయి. అప్పుడు అదే కోచ్ దగ్గర ఐదారుగురి బ్యాచ్ దొరుకుతుంది, ఫీజూ దిగుతుంది.

రసీదు దాచండి:

వాట్సాప్‌లో పెట్టండి, నీలం టిక్కులు పడ్డాక స్క్రీన్‌షాట్ తీసుకోండి. దాంతోపాటు అచ్చు తీసిన కాపీ రెండు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద "అందినది" అని తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. "వేయం" అని వాళ్ళంటే క్యాంపు చిరునామాకి స్పీడ్ పోస్ట్ చేసి, ఆ చీటీ రసీదుతో కలిపి పెట్టండి. ఉత్తరంలో ఇద్దరు పిల్లల పేర్లు, రసీదు నంబర్లు, మూడు రోజుల గడువు ఏ తేదీతో ముగుస్తుందో విడివిడిగా రాయండి.